బావి గోడ మీద సున్నం

మా బావి నీళ్ళు తాగవద్దని రాసింది నేనే. తెల్ల సున్నంతో, బావి గోడ మీద, రోడ్డు మీద పోయేవాళ్ళకు కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో రాశాను. ఆ గోడ మా తాత కట్టించారు. ఆయన బతికుండగా ఎవరైనా దాని మీద కాలు పెడితే, పెట్టినవాడు ఎంతటివాడైనా సరే, దింపేవారట. నేను దాని మీద బొంతకుంచెతో రాశాను. రాసినందుకు ఊళ్ళో సగంమంది నాతో మాట్లాడటం మానేశారు. మిగిలిన సగంతో నేనే మానేశాను.

మాది ఒకప్పుడు పెద్దిల్లు. ఒకప్పుడు అనే మాట నాకు ఇష్టం ఉండదు గానీ వాడక తప్పదు. మేడ తుపానుకు కూలింది. దూలాలు మా బాబాయిలు అమ్ముకున్నారు. పొలాలు కొన్ని కోర్టుల్లో పోయాయి, కొన్ని ఎన్నికల్లో పోయాయి, మిగిలినవి మా నాన్న మొహమాటంలో పోయాయి. నాకు సంబంధాలు వచ్చిన రోజుల్లో ఆయన ప్రతి ఇంటికీ ఏదో ఒక వంక పెట్టి మర్యాదగా వాకిలి దాకా సాగనంపారు. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. ఇప్పుడు నేనుండేది ఒకప్పటి వడ్లకొట్టు. గోడలు మందం, కిటికీ చిన్నది, ఎండాకాలం చల్లగా ఉంటుంది. ఎవరైనా జాలిగా చూస్తే ఆ మాటే చెబుతాను. వడ్లకొట్టు వెనక నిమ్మతోట, తోట అంచున బావి. మాకు మిగిలింది అంతే.

అందులో బావిది వేరే లెక్క. నెల్లూరు నుంచి సముద్రం వైపు వచ్చి రొయ్యల గుంటలు దాటితే మా ఇసుకనేల మొదలవుతుంది. ఇక్కడ ఇసుక కింద మంచినీళ్ళు పలుచగా ఉంటాయి, వాటి కింద ఉప్పునీళ్ళు. ఆశపడి లోతుగా తవ్వినవాడికి ఉప్పు తగులుతుంది. మా తాత ఎక్కడ ఆగాలో తెలిసి ఆగారు. అందుకే చుట్టుపక్కల బావులన్నీ ఉప్పుకు తిరిగినా మాది తిరగలేదు. పాయ ఒడ్డున ఉన్న పాళెం వాళ్ళు, చేపల మీద బతికేవాళ్ళు, ముందు కడవలతో, తరవాత సైకిళ్ళకు కట్టిన క్యాన్లతో మా బావికే వచ్చేవారు. కడవతో వచ్చిన మనిషిని ఖాళీ కడవతో పంపకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. భూములు పోయినా ఆ కట్టుబాటు పోలేదు. నిజం చెప్పాలంటే, నేను వీధిలో తల ఎత్తుకుని నడిచింది దాని బలం మీదే.

ఇంకొకటుంది. పాళెంలో బిడ్డ పుడితే మూడో నెలలో బాలింతను మా బావి దగ్గరికి తీసుకొస్తారు. బావి గోడకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, తమలపాకులూ వక్కలూ ఉంచి మొక్కుతారు. ఆ తరవాత బాలింత తన చేత్తో మొదటి చేద తోడి, ఒక గుక్క అక్కడే తాగి, మిగిలింది బిందెలో ఇంటికి తీసుకుపోయి పొంగలి పెట్టుకుంటుంది. ఆ రోజు నుంచే ఆమె మళ్ళీ నీళ్ళ పనికి పోవచ్చు. మా అమ్మ అలా వచ్చిన ప్రతి పిల్లకూ రవికెగుడ్డ పెట్టేది. రవికెగుడ్డలు పెట్టే స్తోమత పోయాక నిమ్మకాయలు పెట్టాం. ఎవరూ తేడా చూపించలేదు.

తోటకు పడమర ఒక పల్లం ఉండేది. వానాకాలం నీళ్ళు నిలిచి, కొంగలు వాలేవి. అదీ మాదే, కోర్టులో పోయింది. చేతులు మారి మారి ఒక కాంట్రాక్టరు చేతికి వచ్చింది. ప్లాట్లు వేయడానికి దాన్ని పూడ్చాలి. మట్టి తోలడం దేనికని బూడిద తోలించాడు. బొగ్గు కాల్చి కరెంటు తీసే చోట బూడిద గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది, ఊరికే తీసుకుపొమ్మంటారు. పట్టాలు సరిగా కప్పని లారీలు పొద్దున్నించి సాయంత్రం దాకా తిరిగాయి. నా నిమ్మాకుల మీద, ఆరేసిన చీరల మీద, అన్నం గిన్నె మూత మీద బూడిదే. ఊళ్ళో చాలామంది తమ దొడ్లు మెరక చేసుకోవడానికి ఒక్కో లారీ అడిగి పోయించుకున్నారు. ఊరికే వస్తున్నదాన్ని కాదన్నవాళ్ళు తక్కువ.

నేను వెళ్ళి అడిగాను. కాంట్రాక్టరు నాకన్నా బాగా చిన్నవాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"ఏందక్కా, నువ్వు రావల్నా? కబురు పెడితే నేనే వస్తా గదా," అన్నాడు.

"ఆ బూడిద నా బావికి ఎగువన పోస్తున్నావు. వాన పడితే ఎక్కడికి పోతుంది?"

"బూడిదంటే ఏందక్కా? మీ ఇంట్లో అంట్లు తోమేదే గదా."

"మా ఇంట్లో అంట్లు తోమింది కట్టెల బూడిదతో."

"బూడిద బూడిదేనక్కా. పైన గ్రావెల్ పరస్తా. నీకు కనపడను గూడా కనపడదు."

అన్నమాట ప్రకారం ఎర్రటి గ్రావెల్ పరిచాడు. హద్దురాళ్ళు పాతాడు. స్వాగతం అని ఒక ఆర్చీ నిలబెట్టాడు. నిజంగానే బూడిద కనబడలేదు.

కార్తీకంలో వానలు కొట్టాయి. మరుసటేడు ఇంకా గట్టిగా కొట్టాయి. ఆ వేసవికి నా నిమ్మచెట్ల ముదురాకుల కొనలు పసుపుపచ్చగా తిరిగాయి. తరవాత ఆ పసుపు అంచుల వెంట పాకింది. ఆ తరవాత ఎవరో దీపం వత్తితో ఆకు చుట్టూ కాల్చినట్టు అంచులు గోధుమరంగుకు మాడిపోయాయి. లేతాకు పచ్చగానే ఉండేది, ముదరగానే మాడేది. చెట్టు కింద ఆకు తట్టలకు ఎత్తేంత రాలింది.

ఆకులు సంచిలో వేసుకుని గూడూరు వెళ్ళాను. నిమ్మకాయల మార్కెట్ దగ్గర పురుగుమందుల షాపాయన ఒక ఆకు తీసి, ఇటు తిప్పి, అటు తిప్పి, "సూక్ష్మపోషకాల లోపమమ్మా. బోరాన్ తగ్గింది. ఈ పొడి కొట్టు, నెల తిరక్కుండా చెట్టు నవ్వతాది," అన్నాడు. ఇక్కడ నిమ్మకు ఏ జబ్బు వచ్చినా షాపులో మొదట వినబడే మాట అదే. కాయ పగిలితే బోరాన్, పూత రాలితే బోరాన్. కొన్నాను. ఒక చెంచా స్ప్రేయర్ ట్యాంకులో కలిపి ఒక్కసారి కొట్టించాను. చెట్టు నవ్వలేదు. మిగిలిన పొట్లం తీసుకుపోయి ఆయన బల్ల మీద పెట్టి, "ఆకు చూసి చెప్పావా, అరలో సరుకు చూసి చెప్పావా?" అని అడిగాను. నలుగురు రైతులు అటే చూశారు. ఆయనకు నా మీద కోపం అక్కడ మొదలైంది.

చివరికి ఉద్యానశాఖ అమ్మాయి స్కూటీ వేసుకుని వచ్చింది. చిన్నపిల్ల, ఎండకు ముఖం కందిపోయింది. చెట్లు చూసి, ఆర్చీ వైపు చూసి, నీళ్ళు ఎక్కడివని అడిగింది. "మీరు లోపం అనుకున్నది లోపం కాదండి. ఎక్కువైంది. బోరాన్ ఎక్కువైతే నిమ్మే ముందు చెబుతుంది, అంత సున్నితం దానికి," అంది.

నీళ్ళు నేను అప్పటికే నెల్లూరులో పరీక్ష చేయించాను, బాగున్నాయన్నారని చెప్పాను. మామూలు పరీక్షలో బోరాన్ చూడరట. ప్రత్యేకంగా అడగాలట. అడిగి, సీసా మద్రాసు పంపించాం. తాగే నీళ్ళలో ఉండదగినదానికన్నా బాగా ఎక్కువ ఉందని ఫలితం వచ్చింది. బొగ్గు బూడిదలో ఉన్నవాటిలో నీటితోపాటు ముందుగా నడిచివచ్చేది అదేనని ఆ అమ్మాయి చెప్పింది. మిగతావి వెనకాల నెమ్మదిగా వస్తాయట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఆ నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. బోరాన్‌కు ఆ మోతాదులో రుచి తెలియదు, రంగు లేదు, వాసన లేదు. మా వైపు నీళ్ళను కందిపప్పుతో పరీక్షిస్తారు. పప్పు మెత్తగా ఉడికితే మంచినీళ్ళు, లేకపోతే కాదు. అంతకు మించిన పరీక్ష మా అమ్మకు తెలియదు, మా నాయనమ్మకు తెలియదు. ఆ బావి నీళ్ళలో పప్పు ఎప్పటిలాగే వెన్నలా ఉడుకుతోంది. ఊరంతా పప్పును నమ్మింది. అబద్ధం చెప్పే నీళ్ళుంటాయని ఎవరికి తెలుసు?

"మనుషులకు ఏమవుతుంది?" అని అడిగాను.

"నేను చెట్ల ఆఫీసర్నండి," అంది ఆ అమ్మాయి. అయినా తనకు తెలిసింది చెప్పింది. బోరాన్ తిండిలో కొంచెం మనందరికీ అందేదేనట. ఒంట్లోకి మరీ ఎక్కువ పోతే వాంతులు, విరేచనాలు, చర్మం ఎర్రబడి పొరలు లేవడం. జంతువుల్లో అయితే మగవాటి సంతానశక్తి తగ్గడం, కడుపులో పిండం సరిగా పెరగకపోవడం చూశారట. మనుషుల విషయం అంత ఖాయంగా తేల్చలేదట. "పెద్దవాళ్ళు తట్టుకుంటారు. పసిబిడ్డలు, కడుపుతో ఉన్నవాళ్ళ సంగతి వేరు. ముఖ్యంగా పాలపొడి కలుపుకుని తాగే బిడ్డలు. వాళ్ళ తిండంతా ఆ నీళ్ళే కదండీ," అంది. "ఆపేస్తే మాత్రం ఒంట్లో ఉన్నది తొందరగానే మూత్రంలో పోతుంది."

ఆ చివరి మాట గట్టిగా పట్టుకున్నాను.

ఆ వారంలోనే పాళెం నుంచి ముసలామె వచ్చింది. నా చిన్నప్పటి నుంచి మా ఇంటికి చేపలు తెచ్చేది ఆమే. నా జుట్టంతా నెరిసినా నన్ను ఇంకా అమ్మణ్ణీ అనే పిలుస్తుంది. మనవడి పెళ్ళానికి ఆడబిడ్డ పుట్టింది. బావి పూజకు మంచిరోజు చెప్పడానికి వచ్చింది.

"బిడ్డ ఎట్లుంది?" అన్నాను.

"ఏం చెప్పేది అమ్మణ్ణీ. కక్కతా ఉండాది. ఇరేచనాలు నిలవట్లా. ఒళ్ళంతా ఎర్రంగా పొక్కి పొరలు లేస్తా ఉండాది. నోరు గూడా పూసింది."

"తల్లి పాలేనా?"

"దానికి పాలు యాడుండాయి? డబ్బా పాలే."

"ఏ నీళ్ళతో కలుపుతున్నారు?"

ముసలామె నన్ను వింతగా చూసింది. "ఏ నీళ్ళేంది? నీ నీళ్ళే. నర్సమ్మ చెప్పినట్టు బాగా మరిగించి, సగానికి సగం ఇంకించి పోస్తా ఉండాం. మేమేమన్నా తెలివిలేనోళ్ళమా?"

మరిగిస్తే పురుగులు చస్తాయి. బోరాన్ చావదు, చిక్కబడుతుంది. శ్రద్ధ ఎక్కువ పెట్టిన కొద్దీ ఆ బిడ్డకు అది ఎక్కువ పోతోంది. నేను ఆ రోజే ఆటో పిలిపించి తల్లినీ, బిడ్డనూ, ముసలామెనూ నెల్లూరు తీసుకుపోయాను.

డాక్టరు బిడ్డను చూసి, నోట్లో ఏం పూస్తున్నారని అడిగాడు. ముసలామె దాచలేదు. "వెలిగారం సార్. పెనం మీద పొంగించి, తేనెలో రంగరించి, దినాం నాలిక్కి పూస్తా. మా పిలకాయలందరికీ పూసిందే."

డాక్టరు కుర్చీ వెనక్కి నెట్టుకుని లేచాడు. "వెలిగారంలో ఉండేది బోరానేనమ్మా! పసిబిడ్డకు రోజూనా? తేనె కూడానా? ఏడాది నిండని బిడ్డ నోట్లో తేనె చుక్క కూడా పెట్టకూడదు!"

నేను అప్పుడు బావి సంగతి చెప్పాను. ఆయన రెండూ ఆపమన్నాడు. వేరే నీళ్ళతో పాలు కలపమన్నాడు, మందులు రాశాడు. బావి నీళ్ళ వల్లే వచ్చిందని రాసివ్వగలరా అని అడిగాను. "రాయలేనండి. వెలిగారం ఉంది, వేరే ఇన్‌ఫెక్షన్ కూడా ఉండొచ్చు. పసిబిడ్డకు విరేచనాలంటే వంద కారణాలుంటాయి," అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన తెలియనిది తెలియదన్నాడు. ఆ పాటి నిజాయితీ ఆ తరవాత నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఇంటికొచ్చి బావి గిలక విప్పేశాను. చేంతాడు చుట్టి వడ్లకొట్టులో పెట్టాను. మర్నాడు సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళను వెనక్కి పంపాను. ఖాళీ క్యాన్లు సైకిళ్ళకు తగిలి డబడబమంటూ వెనక్కి పోవడం విన్నాను. మా ఇంటి నుంచి అలాంటి చప్పుడు అంతకుముందు ఎవరూ విని ఉండరు. ఎందుకో చెప్పాను. ఒకరిద్దరు విన్నారు. మిగిలినవాళ్ళు "రుచి బాగానే ఉండాయి గదా" అన్నారు.

నేను ఫిర్యాదు పెడితే, గ్రామ సచివాలయంలో మీటింగు పెట్టారు. మండలం నుంచి ఒక అధికారి వచ్చాడు. కాంట్రాక్టరు ముందువరసలో కూర్చున్నాడు. నాకూ కుర్చీ వేశారు. నేను నిలబడే మాట్లాడాను.

అధికారి అంతా విని, "మేడం, మీరు తోటలో బోరాన్ వాడారని తెలిసింది," అన్నాడు.

ఎవరు చెప్పారో అర్థమైంది. గూడూరు షాపాయన ఊరికే ఉంటాడా? "ఒక్కసారి. ఒక చెంచా," అన్నాను.

"వాడారా, లేదా?"

"వాడాను."

"అదే గదా సార్ నేను చెప్పేది!" కాంట్రాక్టరు చేతులు చాపాడు. "అక్కే కొట్టింది, అక్క బావిలోనే తేలింది. నడమ నా ప్లాట్లను ఎందుకు ఆడిపోసుకునేది?"

జనం నవ్వారు. అందులో ప్లాట్లు కొన్నవాళ్ళున్నారు, దొడ్లలో బూడిద పోయించుకున్నవాళ్ళున్నారు.

"నా వంటింట్లో చెంచా ఉప్పు ఒలికితే సముద్రం ఉప్పగా అయిందంటావా?" అన్నాను.

ఆసుపత్రి సంగతి అప్పటికే అతని దాకా పోయింది. వెనకాల కూర్చున్న ముసలామె వైపు తిరిగాడు. "అవ్వా, నువ్వు బిడ్డ నోట్లో వెలిగారం పూసినావంటనే?"

"పూసినా. నోరు పూసింటే పూయకుండా ఏం జేసేది?"

"అది గూడా బోరానేనంట. డాక్టరే చెప్పినాడు. నువ్వే నీ మునిమనవరాలికి పెట్టి, బావిని అంటే ఎట్టా?"

 మార్కెట్లో పదిమంది బేరగాళ్ళను ఒక్క గొంతుతో తరిమే మనిషి ఆమె. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూసింది. అది చూసి నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని నాకు లేదు కూడా.

"సార్, రాసుకోండి," అన్నాను. "నా చెంచా బయటికి వచ్చింది. ఆమె చిటికె బయటికి వచ్చింది. ఆమె దాన్ని మానేసింది, నేనూ మానేశాను. ఆ పల్లంలో లారీలు లారీలుగా పోసింది మాత్రం ఎవరూ అడగరేం? తవ్వి చూడండి. గ్రావెల్ కింద గజం లోతు తవ్వితే చాలు."

"దానికి పర్మిషనుందక్కా," అన్నాడు కాంట్రాక్టరు.

"పర్మిషను చూపిస్తే వాననీళ్ళు ఆగిపోతాయా?"

అప్పుడతను చేసిన పని చెప్పాలి. ముందే అనుకుని వచ్చాడు. మనిషిని పంపి, తాడుకు చెంబు కట్టించి, నా బావిలోంచి నీళ్ళు తెప్పించి పెట్టుకున్నాడు. గాజుగ్లాసులో పోసి, అందరికీ చూపించి, గటగటా తాగాడు. మూతి తుడుచుకుని, "చూడండి. నాకేమన్నా అయిందా? అమృతం మాదిరి ఉండాయి," అన్నాడు. చప్పట్లు కొట్టారు. మా బావి నీళ్ళను అంత గొప్పగా మెచ్చుకున్నవాడు మా వంశంలో కూడా లేడు.

"నువ్వు పాలసీసాతో తాగట్లేదు నాయనా," అన్నాను. ఆ చప్పట్లలో అది ఎవరికీ వినబడలేదు.

కారణాలు పరిశీలిస్తామని, ఈలోగా ముందుజాగ్రత్తగా పాళేనికి నీళ్ళ ట్యాంకరు పంపుతామని అధికారి చెప్పి వెళ్ళిపోయాడు. పల్లం తవ్వి చూసినవాళ్ళు నేటికీ లేరు.

బిడ్డకు నెమ్మదిగా తగ్గింది. వాంతులు ఆగాయి, కొత్త చర్మం వచ్చింది. వెలిగారం, బావినీళ్ళు ఒకేసారి ఆపాం, మందులు పడ్డాయి. ఏది ఆపితే తగ్గిందో చెప్పగలిగేవాళ్ళు లేరు. ఎవరికీ చెప్పే అవసరం కూడా కనబడలేదు. పైగా ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. పెద్దింటామె బావిని రొయ్యలవాళ్ళకు అమ్ముకుంటోందని, అందుకే పాళెం వాళ్ళను తరిమేస్తోందని. ఇంకొందరు ఇంకో రకంగా అన్నారు. పాతకాలం బుద్ధులు మళ్ళీ బయటికొచ్చాయి, పాళెం వాళ్ళు ముట్టుకుంటే మైల అనుకుంటోందని.

ఆ చివరి మాట నాకు పట్టపగలు చెంపదెబ్బలా తగిలింది. మా తాత మీద వంద మాటలనవచ్చు, కొన్ని నేనే అంటాను. ఆ గోడ దగ్గర మాత్రం ఆయన ఎవరినీ పక్కకు నిలబెట్టలేదు.

పూజ రోజు పొద్దున ట్యాంకరు పాళెంలో ఆగింది. నేను మా అమ్మ ఇత్తడి బిందె తీసుకుని వెళ్ళి వరసలో నిలబడ్డాను. ప్లాస్టిక్ బిందెల మధ్య అది ఎండకు మెరిసిపోతోంది.

"ఏందమ్మో, పెద్దింటోళ్ళు గూడా లైన్లోకి వచ్చినారే!" అందొకామె.

"నీళ్ళు మనకాడికే వచ్చినాయి గదా, ఇంక పెద్దిల్లు మనదేలే!" అంది ఇంకొకామె.

అందరూ నవ్వారు. ఒకామె ముందుకు పొమ్మంది. నేను పోలేదు, నా వంతుకే వెళ్ళాను. పుట్టి బుద్ధెరిగాక బిందె నడుమున పెట్టుకున్నది లేదు. నాకు నడుము వంచడం రాదని మా అమ్మ ఎప్పుడూ అనేది. సగం నీళ్ళు చీర మీద ఒలికాయి. మిగిలిన సగంతో ఇంటికి వచ్చాను.

ఎండెక్కకముందే వాళ్ళు వచ్చారు. చంకలో బిడ్డతో బాలింత, పసుపు కుంకుమల పళ్ళెంతో ముసలామె. ముసలామె చేతిలో సొంత చేద, సొంత తాడు కూడా ఉన్నాయి. మీటింగు తరవాత ఆమె నా ముఖం చూడలేదు. ఇప్పుడు సూటిగా చూసింది.

"గిలక తీసేసినావంట. తాడు మేమే తెచ్చుకున్నాం," అంది.

"పసుపు పూయి. మొక్కు. తాగొద్దు," అన్నాను.

"తాగకుండా మొక్కేది ఏం మొక్కు? మా అత్త తాగింది. నేను తాగినా. నా కోడలు తాగింది. అందరం మీ తాత కట్టిన ఈ గోడ పట్టుకునే నిలబడినాం. ఆయన పట్టుకోనిచ్చినాడు. చదువుకున్నదానివి, నువ్వు పట్టుకోనీవా? మా చెయ్యి అంత కంపు గొడతా ఉండాదా అమ్మణ్ణీ?"

ఆమె చేద బావిలోకి విసరబోయింది. నేను తాడు పట్టుకున్నాను. ఇద్దరు ముసలివాళ్ళం చెరోవైపు లాగుతున్నాం. బిడ్డ ఏడుపు అందుకుంది.

"నీ చెయ్యి కంపు కాదే!" అని అరిచాను. నేను అరవను. మా ఇంట్లో అరవడం అలవాటు లేదు. "నా నీళ్ళు కంపు! మా ఇంటి నీళ్ళు, మా తాత నీళ్ళు, చెడిపోయాయి. వాడు చెడగొట్టాడు. నేను నీకు పెట్టగలిగింది ఇదొక్కటే, అదీ లేకుండా చేశాడు. నీ బిడ్డకు ఇంక అది పొయ్యను. నువ్వు నన్ను ఎన్ని మాటలన్నా పొయ్యను!"

ముసలామె తాడు వదల్లేదు, లాగనూ లేదు. నా చీర వైపు చూసింది. నడుము దగ్గర ఇంకా తడిగా ఉంది. ఆ తరవాత గోడ పక్కన పెట్టిన ఇత్తడి బిందె వైపు చూసింది.

"అది ట్యాంకరు నీళ్ళా?"

"అవును."

"నువ్వు పొయ్యి పట్టుకొచ్చినావా? లైన్లో నిలబడి?"

నేను తడి కొంగు పిండుకున్నాను. 

ఏం చేయాలో తేల్చింది ఆ పిల్ల, బాలింత. బిడ్డను నా చేతుల్లో పెట్టి, గోడకు పసుపు పూసి, కుంకుమ పెట్టింది. ముసలామె చేతిలోంచి తాడు తీసుకుని చేద బావిలోకి దించింది, నిండుగా తోడింది. తోడిన నీళ్ళను కళ్ళకు అద్దుకోబోయి ఆగి, దణ్ణం మాత్రం పెట్టుకుంది. చేదను గోడ మీద వంచి నీళ్ళన్నీ తిరిగి బావిలోనే పోసింది. తరవాత ఇత్తడి బిందెలోంచి దోసిట్లోకి వంచుకుని ఒక గుక్క తాగింది. ముసలామె కూడా తాగింది.

"థూ," అంది ముసలామె. "బిలీచింగు మందుకంపు గొడతా ఉండాయి."

"కొట్టనీ," అన్నాను. నిమ్మకాయలు పెట్టబోతే చెట్టు మీద చెప్పుకోదగ్గవి లేవు. ఉన్న వాటిలో చిన్నవి చూసి పెట్టాను.

వాళ్ళు వెళ్ళాక సున్నం కలిపి గోడ మీద మొదటిసారి రాశాను. రెండో రోజుకే ఎవరో తడి గోనెతో తుడిచేశారు. ప్లాట్ల ధర పడిపోతుందని భయం. మళ్ళీ రాశాను. ఈసారి దాని మీద పోస్టరు అంటించారు. ప్లాట్లు అమ్మబడును, తియ్యటి మంచినీళ్ళు అని పోస్టరు. నా తాత కట్టించిన గోడ మీద, నా బావి పేరు చెప్పి. గోళ్ళతో గీకి పారేశాను. ట్యాంకరు వారంలో ఒకటి రెండు రోజులు ఎగ్గొడుతూనే ఉంది. అది రాని రోజు జనం చూపు బావి మీదికే పోతుంది, ఎందుకంటే ఆ నీళ్ళు ఇంకా తియ్యగానే ఉన్నాయి. అందుకే ఆ రాత అక్కడ ఉండాలి.

మొన్న మళ్ళీ రాయబోతుంటే ముసలామె వచ్చింది. చేపల తట్టలో చేపలు లేవు, మూటగట్టిన గుల్లసున్నం ఉంది. పాళెంలో గుల్లలు కాల్చి చేసేది.

"అంగడి సున్నం నిలవదు అమ్మణ్ణీ. ఇది పూయి. గీకినా పోదు," అంది. డబ్బాలో నీళ్ళు పోసి తనే కలిపింది. పై వరస నేను రాశాను. కింది వరసకు వంగలేకపోతే పీట తెచ్చి వేసింది. డబ్బా పట్టుకుని పక్కనే నిలబడి, నేను రాసినంతసేపూ గోడనే చూసింది. ఆమెకు చదవడం రాదు.

"అక్షరాలు ఇంకా లావుగా రాయి," అంది.